‘నేను కార్లోనే ఉంటాలే’ అనే ముందు

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళిన పెద్దవాళ్ళ నోట తరచుగా వినబడే మాట ఒకటుంది. "మీరు వెళ్ళి రండి, నేను కార్లోనే ఉంటాలే." మోకాళ్ళు అరిగిన అమ్మ అంటుంది. బైపాస్ అయిన నాన్నగారు అంటారు. పిల్లలు మొదట్లో బతిమాలతారు, ఆ తర్వాత వాళ్ళకూ అలవాటైపోతుంది. వీసా కోసం నెలల తరబడి కాచుకుని, లక్షలు పోసి టికెట్లు కొని, రాత్రీ పగలూ విమానాల్లో కూచుని వెళ్ళిన మనిషి చివరికి చూసేది కారు అద్దంలోంచి కనబడే పార్కింగు స్థలాలు. ఇది నన్ను చాలా బాధపెట్టే విషయం. ఎందుకంటే ఇందులో చాలావరకు తప్పించుకోదగ్గదే.

కారు ఆగిన చోటినుంచి గుమ్మందాకా ఉండే కాస్త దూరమే చాలాసార్లు పెద్దవాళ్ళ ప్రయాణాన్ని తేల్చేస్తుంది. లోపలికి వెళ్తే కూచోవడానికి కుర్చీలుంటాయి, లిఫ్టులుంటాయి, వీల్‌చైర్లుంటాయి. అక్కడిదాకా చేరడమే కష్టం. ఆ దూరం తగ్గించడానికి అమెరికా చట్టం ఏర్పాట్లు చేసి పెట్టింది. అవి అడిగి తీసుకోవాల్సినవి. అడగాల్సిన సమయం కూడా మోకాలు పట్టేసిన రోజు కాదు, ఇక్కడ సూట్‌కేసు సర్దుకుంటున్న రోజే.

కార్డు ఎవరికిస్తారు

ఏ దుకాణానికి వెళ్ళినా గుమ్మానికి దగ్గరగా నీలం రంగు బోర్డు, దానిమీద చక్రాల కుర్చీ బొమ్మ కనబడతాయి. అక్కడ కారు నిలపాలంటే ప్రత్యేకమైన నంబరు ప్లేటైనా ఉండాలి, లోపలి అద్దానికి తగిలించే కార్డైనా ఉండాలి. ఈ కార్డును అక్కడ ప్లకార్డు అంటారు, మనవాళ్ళ ఇళ్ళలో హ్యాండిక్యాప్ కార్డు అంటే తెలుస్తుంది. కారు రిజిస్ట్రేషన్లు, లైసెన్సులు చూసే ఆ రాష్ట్ర ప్రభుత్వ శాఖే ఎక్కువచోట్ల దీన్నీ ఇస్తుంది.

ఈ మాట ఎత్తగానే ఇంట్లో జరిగే సంభాషణ నాకు తెలుసు.

"అమ్మా, డాక్టరు దగ్గర ఫారం నింపిద్దామా?"

"నాకేమొచ్చిందిరా? నేనేమన్నా కాళ్ళు లేనిదాన్నా? నెమ్మదిగా నడుస్తాగా!"

అమ్మ అభిమానం అర్థం చేసుకోదగ్గదే. కానీ ఈ కార్డు కాళ్ళు లేనివాళ్ళకు మాత్రమే అని చట్టం అనలేదు. 1991లో అమెరికా కేంద్ర ప్రభుత్వం రాష్ట్రాలన్నిటికీ నమూనాగా పెట్టిన నియమాల్లో మొదటి షరతు ఇది: 200 అడుగులు ఆగకుండా నడవలేనివాళ్ళు అర్హులు. అంటే 60 మీటర్లు. మన వీధిలో నాలుగైదు ఇళ్ళ దూరం. మధ్యలో ఒకసారి నిలబడి ఊపిరి తీసుకోవాల్సి వస్తే ఆ మనిషి అర్హురాలే. చేతికర్రో, వాకరో, పక్కమనిషి భుజమో లేకుండా నడవలేనివాళ్ళూ అర్హులే. కీళ్ళవాతం, నరాల జబ్బు, ఎముకల సమస్య వల్ల నడక బాగా తగ్గినవాళ్ళు, వెంట ఆక్సిజన్ సిలిండరు పెట్టుకున్నవాళ్ళు, ఊపిరితిత్తుల జబ్బు ముదిరినవాళ్ళు, గుండె జబ్బు మూడో, నాలుగో తరగతికి చేరినవాళ్ళు కూడా ఇందులోకి వస్తారు. గుండె, ఊపిరితిత్తుల సంగతి పైకి కనబడదు. నిటారుగా నడిచి వచ్చే నాన్నగారి కారుకు కార్డు చూసి ఎవరైనా అనుమానంగా చూస్తే ఆయన సిగ్గుపడక్కర్లేదు, సంజాయిషీ ఇచ్చుకోనూ అక్కర్లేదు.

అసలు చిక్కు డాక్టరు గదిలో వస్తుంది. ఇంట్లో మెట్టు మెట్టుకూ "అమ్మో" అనే మనిషి డాక్టరు ఎదుట కూచోగానే చీర సర్దుకుని, నవ్వుతూ, "ఫైన్, ఫైన్, నో ప్రాబ్లం" అంటుంది. పెద్దమనిషి ముందు గోడు వెళ్ళబోసుకోవడం మర్యాద కాదని మన పెంపకం. డాక్టరేమో విన్నదే రాసుకుంటాడు. అందుకని ముందురోజే అమ్మతో కూచుని నాలుగు సంగతులు కాగితం మీద పెట్టండి: ఎంతదూరం నడిచాక ఆగాల్సి వస్తోంది, ఎంతసేపు ఆగితే మళ్ళీ కదలగలుగుతోంది, మెట్లెక్కేటప్పుడు ఏ చేతితో పట్టుకుంటోంది, ఈమధ్య ఎప్పుడైనా తూలిందా, పడిందా. బాగా లేని రోజు ఎలా ఉంటుందో చెప్పండి. బాగున్న రోజున కార్డుతో పని లేదు గదా. ఇక్కడినుంచి వెళ్ళేటప్పుడే ఎక్స్‌రే రిపోర్టు, ఆపరేషన్ డిశ్చార్జి కాగితం, వాడుతున్న మందుల చీటీ చేతిసంచిలో పెట్టుకోండి. మళ్ళీ పరీక్షలన్నీ అక్కడ చేయిస్తే ఖర్చు తట్టుకోలేం.

మన దగ్గర ఇచ్చే వికలాంగుల గుర్తింపు కార్డు, అదే యూడీఐడీ, డాక్టరుకు చూపించడానికి పనికొస్తుంది. అద్దానికి తగిలించడానికి మాత్రం పనికిరాదు. వేరే దేశాలు ఇచ్చిన పార్కింగు ప్లకార్డుల్ని అమెరికా రాష్ట్రాలు గుర్తించాలని ఆ 1991 నియమాల్లోనే ఉంది కానీ, మన యూడీఐడీ పార్కింగు ప్లకార్డు కాదు.

ఎరుపు, నీలం

నమూనా ప్రకారం తాత్కాలిక కార్డు ఎరుపు, శాశ్వత కార్డు నీలం. ఎర్రదానికి గడువు గరిష్ఠంగా ఆరు నెలలు. మన పెద్దవాళ్ళకు విజిటర్ వీసా మీద మామూలుగా ఉండనిచ్చేదీ ఆరు నెలలే కాబట్టి చాలామందికి ఇది సరిపోతుంది. రుసుము పెద్దదేం కాదు. టెక్సస్‌లో తాత్కాలిక కార్డుకు 5 డాలర్లు, కాలిఫోర్నియాలో 6. కాలిఫోర్నియాలో ఇంకో సదుపాయం ఉంది. ఆ రాష్ట్రంలో స్థిరనివాసం లేకుండా ప్రయాణానికి వచ్చిన, శాశ్వతమైన నడక సమస్య ఉన్నవాళ్ళకు 90 రోజుల వరకు చెల్లే ట్రావెల్ ప్లకార్డు ఇస్తారు. ఫారం మీద ఏ డాక్టరు సంతకం చెల్లుతుందో, గుర్తింపుగా ఏం చూపాలో ఒక్కో రాష్ట్రం ఒక్కోలా అడుగుతుంది. అమ్మ విమానం ఎక్కకముందే మీ రాష్ట్రం ఫారం డౌన్‌లోడ్ చేసుకుని ఆఖరి పేజీదాకా చదవండి. ఎందుకు చెబుతున్నానంటే, దిగిన మొదటి వారంలో జెట్‌లాగ్, మనవళ్ళ సందడి, ఆ తర్వాత వారం దగ్గరి చుట్టాల ఇళ్ళు. ఈ సందట్లో ఫారం ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉండిపోతుంది.

చేతికొచ్చాక దాన్ని వాడే పద్ధతి తెలుసుకోండి. కారు ఆపిన తర్వాత, నంబరూ గడువు తేదీ బయటికి కనబడేలా అద్దానికి తగిలించాలి. బయల్దేరే ముందు తీసేయాలి. తగిలించుకునే నడిపితే ఎదుటి దృశ్యానికి అడ్డం వస్తుంది, చాలా రాష్ట్రాల్లో అది తప్పు కూడా.

ముఖ్యంగా గుర్తుపెట్టుకోవాల్సింది, కార్డు కారుది కాదు, మనిషిది. అమ్మ ఏ కారెక్కితే ఆ కారుకు చెల్లుతుంది. అబ్బాయి కారైనా, అమ్మాయి కారైనా, ఊరెళ్ళినప్పుడు అద్దెకు తీసుకున్న కారైనా సరే. అందుకని అది డాష్‌బోర్డు అరలో కాదు, అమ్మ హ్యాండ్‌బ్యాగులో ఉండాలి. అమ్మ ఇంట్లో ఉంటే కార్డూ ఇంట్లోనే ఉండాలి. "ఒక్కసారి షాపింగుకు వెళ్ళొస్తాం, ఇవ్వండి ఆంటీ" అని ఎవరడిగినా ఇవ్వకండి, ఎంత మొహమాటమైనా సరే. కాలిఫోర్నియాలో దుర్వినియోగానికి జరిమానా 250 నుంచి 1000 డాలర్ల దాకా ఉంది, కార్డు కూడా లాగేసుకుంటారు. జరిమానా సంగతి అలా ఉంచండి. మీరు అవసరం లేకుండా నిలిపిన ఆ చోటు కోసం ఇంకో తల్లి కార్లో కూచుని రెండు చుట్లు తిరిగి వెనక్కి వెళ్ళిపోతుంది.

గీతల చోటు ఖాళీ కాదు

నీలం చోటు పక్కన ఏటవాలు గీతలు గీసిన పట్టీ ఉంటుంది. కొత్తవాళ్ళకు అది వృథాగా వదిలేసిన జాగాలా కనిపిస్తుంది. ఉగాదికో దసరాకో గుడి దగ్గర పార్కింగు నిండిపోయినప్పుడు చూడండి. పట్టుచీరలు, ప్రసాదం ట్రేలు, పిల్లల హడావుడి. ఎవరో ఒకరు "రెండు నిమిషాలే కదా" అని సరిగ్గా ఆ గీతల మీదికి కారెక్కిస్తారు. పక్క కారులోని పెద్దావిడ దర్శనం చేసుకుని వచ్చి చూస్తే, తలుపు జానెడు కంటే తెరుచుకోదు. ఆవిడ వీల్‌చైర్‌లోంచి లేచి సీటులోకి మారాలంటే తలుపు పూర్తిగా తెరవాలి, కుర్చీ పక్కన పట్టాలి, పట్టుకోవడానికి మనిషి నిలబడాలి. అందుకే ఆ పట్టీ కనీసం 5 అడుగులు ఉండాలని ప్రమాణాల్లో రాశారు. కారు నిలిపే చోటు 8 అడుగులు, దాని పక్కన ఈ 5 అడుగులు. రెండూ కలిస్తేనే అది ఒక పూర్తి చోటు. కార్డు ఉన్నవాళ్ళకు కూడా గీతల మీద నిలిపే హక్కు లేదు. గుడి కమిటీల్లో ఉన్న తెలుగువాళ్ళు పండగ రోజుల్లో ఆ పట్టీకి అడ్డంగా ప్లాస్టిక్ కోన్లు పెట్టించి, ఒక వాలంటీరును అక్కడే నిలబెడితే ఎంతమందికి మేలు చేసినవాళ్ళవుతారో.

‘వ్యాన్’ అని రాసి ఉన్న చోటు ఇంకా వెడల్పుగా ఉంటుంది. ర్యాంపు దించుకునే బళ్ళకోసం అది. అలాంటివి ప్రతి ఆరింటికి ఒకటి చొప్పున మాత్రమే ఉంటాయి. మీది మామూలు కారై, పక్కన ఇంకో నీలం చోటు ఖాళీగా ఉంటే దాన్నే తీసుకోండి.

ఊరు మారితే నియమం మారుతుంది. కాలిఫోర్నియాలో కార్డు ఉన్నవాళ్ళు వీధి మీటరు దగ్గర డబ్బు కట్టకుండా ఎంతసేపైనా నిలపొచ్చు. అదే ధైర్యంతో న్యూయార్క్ నగరానికి వెళ్తే దెబ్బ తింటారు. అక్కడ వీధి పార్కింగుకు నగరం ఇచ్చే వేరే పర్మిట్ కావాలి, రాష్ట్రాలిచ్చిన కార్డు వీధిలో చెల్లదు. పార్కింగు లాట్లలో గుర్తు పెట్టిన చోట్లలోనే అది పనికొస్తుంది. స్టాట్యూ ఆఫ్ లిబర్టీ చూపిద్దామని బయల్దేరేవాళ్ళు ముందురోజు రాత్రే లాట్ ఎక్కడుందో చూసి పెట్టుకోవాలి.

స్కూటరు తీసుకుంటే

మన దగ్గర వికలాంగుల బండి అంటే పక్క చక్రాలు బిగించిన స్కూటీ గుర్తొస్తుంది. ఇక్కడ నేను చెబుతున్నది అది కాదు. కూచోవడానికి సీటు, ముందు హ్యాండిలు, మూడో నాలుగో చిన్న చక్రాలు, సీటు కింద బ్యాటరీ. మనిషి నడక వేగంతో మెత్తగా సాగిపోయే మొబిలిటీ స్కూటరు. పెద్ద పెద్ద థీమ్ పార్కుల్లో అద్దెకిస్తారు. చాలా సూపర్‌మార్కెట్లలో ముందు బుట్ట ఉన్నవి గుమ్మం పక్కనే ఛార్జింగులో ఉంటాయి, డబ్బు కట్టక్కర్లేదు, ఆ దుకాణం లోపల వాడుకోవచ్చు. నేర్చుకోవడానికి అదే మంచి చోటు. పగటిపూట రద్దీ లేని వేళ తీసుకెళ్ళి, కూరగాయల వరుసలో రెండు చుట్లు తిప్పించండి. మీట వదిలేస్తే బండి దానంతటదే ఆగుతుందని చేతికి తెలియగానే అమ్మ భయం సగం పోతుంది. రెండోసారికి కొత్తిమీర తనే ఏరుకుంటుంది.

పాదచారులు నడిచే ఏ చోటికైనా వీల్‌చైర్లతోపాటు ఇలాంటి స్కూటర్లను రానివ్వాలని 1990 నాటి వికలాంగుల చట్టం కింద వచ్చిన నిబంధనల్లో ఉంది. రానిచ్చారు సరే, దిగాక బండి ఎక్కడ పెట్టాలన్నదే ప్రశ్న. రెస్టారెంటుకు ముందే ఫోన్ చేసి, స్కూటరుతో వస్తున్నామని చెప్పి, గోడ పక్క టేబుల్ అడగండి. సినిమా హాల్లో వీల్‌చైర్ వరుస ఉంటుంది. అమ్మ పక్క సీటులోకి మారాలనుకుంటే స్కూటరును సిబ్బంది చెప్పిన మూల పెట్టి, తాళం మీ జేబులో వేసుకోండి. బయట వదలాల్సి వస్తే సైకిళ్ళ స్టాండు పక్కన, గొలుసుతాళం వేసి పెట్టడం మేలు. కాలిబాట నుంచి రోడ్డుకు దిగే వాలుమీద, చూపులేనివాళ్ళ కర్రకు తగలాలని పరిచిన పసుపు బుడిపెల మీద, అత్యవసర ద్వారం ఎదుట, పార్కింగు గీతల పట్టీ మీద ఒక్క నిమిషం కూడా పెట్టొద్దు. ఆ చోట్లన్నీ అమ్మలాంటి ఇంకొకరి దారులు.

కారు డిక్కీలోంచి స్కూటరు దించేది ఆ గీతల పట్టీ మీదనే. అక్కడ అమ్మను కూచోబెట్టాక, కార్ల వెనకనుంచి కాకుండా కాలిబాట ఎక్కించి గుమ్మంవైపు పంపండి. స్కూటరు మీద మనిషి ఎత్తు తక్కువ. వెనక్కి వచ్చే పెద్ద బండి నడిపేవాడికి అద్దంలో కనబడదు. సీటు వెనక పొడుగాటి పుల్లకు రంగు జెండా కట్టేది అందుకే. అద్దెకు తీసుకునేముందు, భాగాలుగా విడదీస్తే అన్నిటికన్నా బరువైన భాగం ఎన్ని కిలోలో అడగండి. డిక్కీలోకి ఎత్తేది మీరే.

సొంత స్కూటరు విమానంలో తీసుకెళ్ళేవాళ్ళు బ్యాటరీ సంగతి ముందు తేల్చుకోవాలి. లిథియం బ్యాటరీ ఊడదీసే రకమైతే అది 300 వాట్ అవర్లు మించకూడదు, ఊడదీసి మీతోపాటు క్యాబిన్‌లోకి తేవాలి. లెక్క తేలికే: బ్యాటరీ మీద ఉన్న వోల్టులను ఆంపియర్ అవర్లతో గుణించండి. 24 వోల్టులు, 12 ఆంపియర్ అవర్లు అయితే 288, వెళ్ళనిస్తారు. స్కూటరును సామాను బరువులో లెక్కకట్టరు, ఛార్జీ ఉండదు. కనీసం 48 గంటల ముందు విమాన సంస్థకు చెప్పండి. స్కూటరు నాలుగు పక్కల ఫొటోలు తీసుకోండి. మోటారును చక్రాలనుంచి విడదీసే మీట ఎక్కడుందో పెద్ద అక్షరాలతో ఇంగ్లీషులో రాసి హ్యాండిలుకు కట్టండి. సామాను ఎక్కించేవాళ్ళకు ఆ మీట తెలియకపోతే బండిని ఈడ్చుకెళ్తారు, గేర్లు దెబ్బతింటాయి.

టికెట్టుతోపాటు అడిగే విమానాశ్రయం వీల్‌చైర్‌లోనూ రకాలున్నాయి. మెట్లెక్కగలరు కానీ దూరం నడవలేరంటే డబ్ల్యూసీహెచ్‌ఆర్. మెట్లు కూడా ఎక్కలేరంటే డబ్ల్యూసీహెచ్‌ఎస్. అసలు నడవలేరు, సీటుదాకా తీసుకెళ్ళాలంటే డబ్ల్యూసీహెచ్‌సీ. మెట్లెక్కలేని అమ్మకు మొదటిది రాయిస్తే, మధ్యలో ఏ ఊళ్ళోనో విమానం టెర్మినల్‌కు దూరంగా ఆగినప్పుడు నిచ్చెన మెట్లు ఎదురవుతాయి.

గ్రాండ్ కాన్యన్ దగ్గర

ఒక్క చోటు గురించి వివరంగా చెబుతాను, మనవాళ్ళు తప్పకుండా వెళ్ళేది కాబట్టి. గ్రాండ్ కాన్యన్ దక్షిణ అంచున హెర్మిట్ రోడ్ అని ఉంది. మార్చి నుంచి నవంబరు దాకా దానిమీదికి సొంత కార్లను రానివ్వరు, షటిల్ బస్సులే. ఆ బస్సుల్లో వీల్‌చైర్ పడుతుంది కానీ మొబిలిటీ స్కూటర్లు చాలావరకు పట్టవు. ఇది తెలియక స్కూటరు అద్దెకు తీసుకుని వెళ్ళినవాళ్ళు బస్‌స్టాపు దగ్గర చిక్కుకుంటారు. దీనికి అక్కడే మందు ఉంది. నడవడం కష్టమైన మనిషి కార్లో ఉంటే, పార్కు ప్రవేశద్వారం దగ్గరో విజిటర్ సెంటర్‌లోనో అడిగితే ప్రత్యేక పర్మిట్ ఇస్తారు. అది డాష్‌బోర్డు మీద పెడితే గేటు దాటి మీ కార్లోనే హెర్మిట్ రోడ్ మీద వెళ్ళొచ్చు. లోయ అంచుకు దగ్గరగా కారు ఆపుకుని, అమ్మ పది అడుగులు వేస్తే చాలు, ఆ ఎర్రటి రాతి పొరలన్నీ ఎదురుగా ఉంటాయి. జాతీయ పార్కులకు వికలాంగులకిచ్చే ఉచిత యాక్సెస్ పాస్ మాత్రం అమెరికా పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకే. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ళు దానికోసం లైన్లో నిలబడి అలిసిపోవద్దు.

దారిలో హోటల్ గది బుక్ చేసేటప్పుడు వీల్‌చైర్ గది అని అడిగి ఊరుకోకండి. స్నానాల గదిలో పట్టుకునే కడ్డీలున్నాయా, కూచుని స్నానం చేసే ఏర్పాటుందా, మంచం పక్కన స్కూటరు తిప్పే జాగా ఉందా, దాని ఛార్జింగుకు ప్లగ్గు ఎక్కడ, అన్నీ ఫోన్లో అడగండి. అలా బుక్ చేసిన గదిని మీకోసం అట్టిపెట్టాలన్నది అక్కడి నియమం.

పిల్లలు ఇంగ్లండులో ఉంటే సంగతి వేరు. బ్లూ బ్యాడ్జి అక్కడ నివాసం ఉన్నవాళ్ళకే, చూడ్డానికి వెళ్ళినవాళ్ళకు ఇవ్వరు. కానీ చాలా పట్టణాల్లో షాప్‌మొబిలిటీ అనే ఏర్పాటు ఉంది, బజారు మధ్యలోనే స్కూటరు అద్దెకు దొరుకుతుంది.

మన దగ్గర దేశమంతటా చెల్లే ఇలాంటి పార్కింగు కార్డు లేదు. 2021లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో వికలాంగుల పార్కింగు చోటు 3.6 మీటర్ల వెడల్పు ఉండాలని, ప్రవేశద్వారానికి 30 మీటర్ల లోపే ఉండాలని ఉంది. అందుబాటు ప్రమాణాల్ని తప్పనిసరి చేస్తూ నియమాలు రాయమని 2024 నవంబరులో సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది. అమెరికాలో ఆర్నెల్లు ఈ సదుపాయం అనుభవించి వచ్చినవాళ్ళు తమ అపార్టుమెంటు సంఘంలో, ఊరి ఫంక్షన్ హాల్లో ఆ కొలతలు పట్టుకుని అడగాలని నా కోరిక. చూసి వచ్చినవాళ్ళ మాటకు బలం ఎక్కువ.

తిరుగు ప్రయాణానికి వారం ముందు వీల్‌చైర్ అభ్యర్థన రెండు విమానాలకూ నమోదై ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి. మొదటి దానికి ఉండి, దుబాయ్‌లోనో దోహాలోనో మారే రెండోదానికి లేకపోవడం జరుగుతూనే ఉంటుంది. డాక్టరు నింపిన ఫారం నకలు సూట్‌కేసులో పెట్టండి, వచ్చేసారి పనికొస్తుంది. గడువు తీరిన ప్లకార్డును ముక్కలు చేసి పారేయండి. శంషాబాద్‌లో వీల్‌చైర్ తోసే అబ్బాయి ఎక్కడిదాకా వస్తాడో, కారు ఏ వరుసలోకి తేవాలో కనుక్కుని, తీసుకెళ్ళడానికి వచ్చే తమ్ముడికి విమానం ఎక్కకముందే చెప్పి పెట్టండి.